పాత పాట ఎందుకంత లాగుతుంది? అరిగిపోయిన పాటకీ మరిచిపోయిన పాటకీ తేడా ఎక్కడుంది?

క్లుప్తంగా: వయసు పైబడ్డాక పాత పాట వింటే గుండె బరువెక్కడానికి పాట గొప్పదనం ఒక్కటే కారణం కాదు. పదేళ్ళ నుంచి పాతికేళ్ళ మధ్య విన్నవి జ్ఞాపకంలో మిగతావాటికంటే గట్టిగా నాటుకుంటాయి. అప్పట్లో పాట దొరకడమే కష్టం కాబట్టి, విన్న చోటు, సమయం, పక్కనున్న మనుషులు కూడా పాటతో పాటే నాటుకుపోయారు. రోజూ టీవీలో వచ్చే సూపర్ హిట్ కంటే నలభై ఏళ్ళుగా చెవిన పడని మామూలు పాట ఎక్కువ కదిలించడానికి కారణం కూడా ఇందులోనే ఉంది.

పాత పాట అంటే ఏ పాట?

"పాత పాటలు" అనగానే అందరూ ఒకే బుట్ట గురించి మాట్లాడుతున్నారనుకుంటాం గానీ, అసలు తికమక ఇక్కడే మొదలవుతుంది. 1945 ప్రాంతంలో పుట్టినవాళ్ళకి పాత పాట అంటే ఘంటసాల, లీల, జిక్కి, సుశీల, సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల. 1960ల్లో పుట్టినవాళ్ళకి మహదేవన్ బాణీలు, బాలసుబ్రహ్మణ్యం గొంతు లేతగా ఉన్న రోజులు. 1975లో పుట్టినవాళ్ళని అడగండి, ఇళయరాజా అంటారు, అదీ కొత్త సంగీతం కిందే లెక్క అన్నట్టు అంటారు. ఇక 1990ల్లో పుట్టినవాళ్ళు కీరవాణి, రెహమాన్, మణిశర్మ పాటల్ని కారులో పెట్టుకుని "ఆ రోజులే వేరు" అనడం అప్పుడే మొదలెట్టేశారు. ఆ మాట విని వాళ్ళ నాన్నలకి నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ పాటలే వచ్చినప్పుడు "ఇవీ పాటలేనా" అని విసుక్కున్నది వాళ్ళే.

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆయన కొత్త పాట రేడియోలో మొదటిసారి వినిపించినప్పుడు చెవి ఒగ్గి విన్న కుర్రాళ్ళలో చిన్నవాళ్ళకి కూడా ఇప్పుడు అరవై దాటాయి. బాలు మొదటి సినిమా పాట 1967లో వచ్చిన సినిమాలోది, ఆయన పోయింది 2020 సెప్టెంబరులో. అంటే ఒక్క గాయకుడి కెరీర్‌లోనే కనీసం మూడు తరాల పాత పాటలున్నాయి. కాబట్టి "పాత" అనేది పాటకున్న గుణం కాదు, వినేవాడి వయసుకీ పాట వచ్చిన ఏడాదికీ మధ్య లెక్క.

ఊరిని బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. హైదరాబాద్ పాతబస్తీ చుట్టుపక్కల పెరిగిన తెలుగువాళ్ళలో చాలామందికి పాత పాట అంటే హిందీలో పాడిన రఫీ, తలత్, ముకేశ్. చిత్తూరు, తిరుత్తణి వైపు వాళ్ళకి తమిళ పాట పక్కింటి పాటే. ఒకే ఇంట్లో భార్యకీ భర్తకీ పాత పాట వేరే భాషలో ఉండటం అక్కడ వింతేమీ కాదు.

గ్రాఫులో లేచే మిట్ట

వయసు మళ్ళినవాళ్ళని పిలిచి "మీ జీవితంలో గుర్తొచ్చిన సంఘటనలు చెప్పండి" అని అడిగి, ఏ సంఘటన ఏ వయసులో జరిగిందో గ్రాఫు గీస్తే, పదేళ్ళ నుంచి ముప్పయ్యేళ్ళ మధ్యలో ఒక మిట్ట లేస్తుంది. పసితనం దాదాపు ఖాళీ. నలభై, యాభైలు చప్పగా సాగుతాయి. ఆ మిట్టనే పరిశోధకులు రెమినిసెన్స్ బంప్ అంటారు. 1980ల నుంచీ చాలా దేశాల్లో, చాలా భాషల్లో ఇది మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది.

ఆ వయసే ఎందుకు అన్నదానికి ఒక్క జవాబు లేదు, మూడు నాలుగు కలిసి పనిచేస్తాయి. మెదడు అప్పటికి మంచి పట్టు మీద ఉంటుంది. మొదటిసారి జరిగేవి చాలావరకు ఆ ఏళ్ళలోనే జరుగుతాయి, హాస్టలు, సైకిలు, మొదటి జీతం, పెళ్ళి, ఊరు విడిచి వెళ్ళడం. మొదటిసారి జరిగినదాన్ని మెదడు విడిగా దాస్తుంది, ఇరవయ్యోసారి జరిగినదాన్ని మిగతా పంతొమ్మిదితో కలిపి ముద్ద చేస్తుంది. పైగా "నేనెవరు" అన్న ప్రశ్నకి జవాబు తయారయ్యేది కూడా అప్పుడే, కాబట్టి ఆనాటివి తర్వాత పదే పదే తలుచుకుంటాం. తలుచుకున్నకొద్దీ గట్టిపడతాయి.

పాటల సంగతి ప్రత్యేకంగా చూసినవాళ్ళూ ఉన్నారు. 1989లో అమెరికాలో హోల్‌బ్రుక్, షిండ్లర్ అనే ఇద్దరు, వేరువేరు వయసులవాళ్ళకి వేరువేరు కాలాల పాటలు వినిపించి ఇష్టాయిష్టాలు అడిగారు. సుమారు 24 ఏళ్ళ వయసులో ఉండగా వచ్చిన పాటల దగ్గర ఇష్టం శిఖరానికి చేరింది. ఈ అంకె మీద తర్వాత వాదాలు నడిచాయి, కొందరు పదిహేడు, పద్దెనిమిది దగ్గరే ఆగుతుందన్నారు. మన దగ్గర ఆ వయసుకే పెళ్ళిళ్ళు అయిపోయిన తరాలున్నాయి కాబట్టి అంకెని పట్టుకుని వేలాడక్కర్లేదు. దిశ మాత్రం ఒకటే.

మెదడులో ఏం జరుగుతుందో కూడా కొంత తెలుసు. కాలిఫోర్నియా యూనివర్సిటీలో పీటర్ జనాటా 2009లో ప్రచురించిన పరిశోధనలో, తెలిసిన పాట వినిపించి స్కాన్ తీస్తే, నుదుటి వెనకాల మధ్యభాగం, అంటే సొంత జీవితానికి సంబంధించిన ఆలోచనలు నడిచే చోటు, చురుగ్గా కనిపించింది. పాట వెంట జ్ఞాపకం గట్టిగా వచ్చినకొద్దీ ఆ చురుకూ పెరిగింది. ఇక ఆనందం సంగతి 2011లో మాంట్రియల్‌లో చూశారు. ఒళ్ళు జలదరించే ఘట్టానికి ముందే, అది రాబోతోందన్న ఎదురుచూపులోనే మెదడులో డోపమిన్ అనే, ఆనందానికి సంబంధించిన రసాయనం విడుదలవుతోంది, ఘట్టం వచ్చాక మరో చోట మళ్ళీ విడుదలవుతోంది. తెలిసిన పాటకి ఇది పెద్ద లాభం. పల్లవి తర్వాత వేణువు ఎక్కడ ఎత్తుకుంటుందో ముందే తెలిసినవాడికి ఆ ఎదురుచూపు అడుగడుగునా దక్కుతుంది.

కరువులో విన్న పాట

ఇంతవరకు చెప్పింది ఏ దేశానికైనా వర్తిస్తుంది. మన పాత తరానికి అదనంగా ఒకటుంది, పాట దొరక్కపోవడం.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రేడియో ఉన్న ఇళ్ళే తక్కువ, దానికి పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అంతలోనే 1952లో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలంటే గిట్టదు. శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేసి ఆకాశవాణిలో సినిమా పాటల సమయం బాగా కోసేశారు. జనం ఊరుకుంటారా, సిలోన్ స్టేషన్‌కి తిప్పారు. షార్ట్‌వేవ్‌లో హోరు మధ్య, అలల్లా వచ్చి పోతూ వినిపించే ఆ పాటల్లో తెలుగు పాటలూ ఉండేవి. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చాక గానీ సినిమా పాటకి ప్రభుత్వ రేడియోలో సరైన చోటు దొరకలేదు.

దీనివల్ల ఏమైందంటే, ఒక పాట వినాలంటే దాని కోసం కాచుకుని కూర్చోవాలి. శ్రోతలు కోరిన సినిమా పాటలు వేసే జనరంజని టైముకి అన్నం ముగించుకోవాలి, లేదా కంచం రేడియో దగ్గరికే తెచ్చుకోవాలి. కార్డు ముక్క మీద పాట పేరు, తమ పేర్లు, ఊరి పేరు రాసి పంపితే, ఎప్పటికో అనౌన్సరు ఆ పేర్లన్నీ వరసగా చదివి, చిత్రం పేరు, రచన, సంగీతం, గానం చెప్పి పాట వేసేవాళ్ళు. పాట మూడు నిమిషాలు, పేర్లు ఒక్కోసారి నిమిషం పైన. హిందీ పాటలకి ఇలా కార్డులు రాసీ రాసీ ఇప్పటి జార్ఖండ్‌లోని ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరు దేశమంతా పేరు తెచ్చుకుంది.

రేడియో లేనివాళ్ళకి మైకు సెట్టు. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, టూరింగ్ టాకీసులో ఆట మొదలయ్యే ముందు వేసే రికార్డు. 78 ఆర్‌పీఎమ్ రికార్డులో ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది, అందుకే ఆనాటి పాటల్లో చాలావాటికి ఆ నిడివి. పొలంలో కలుపు తీస్తున్నవాళ్ళకి రెండు ఫర్లాంగుల అవతల టాకీసు మైకులోంచి గాలివాటుకి వచ్చిన పాట అది. సగం వినిపిస్తుంది, సగం గాలి తీసుకుపోతుంది. వినిపించిన సగం మటుకు పోదు.

ఇంత శ్రమపడి విన్న పాట ఒంటరిగా గుర్తుండదు. దాని చుట్టూ ఎండో వానో, ఎవరి అరుగో, ఏ వంట వాసనో అంటుకుని ఉంటుంది. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని సందర్భంతో కలిపి నాటుకోవడం అంటారు. ఒక కొస లాగితే రెండోది వస్తుంది.

అరవై నిమిషాల క్యాసెట్టు

1980ల్లో కరువు కొంచెం తీరింది, కొత్త అలవాటు ఒకటి వచ్చింది. బజారులో రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఖాళీ క్యాసెట్టు కొనుక్కుని, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద పాటల చిట్టా రాసి ఇస్తే, రెండు రోజులకి ఎక్కించి ఇచ్చేవాళ్ళు. అరవై నిమిషాల క్యాసెట్టంటే వైపుకి ముప్పై, ఏడు పాటలు పడతాయి, ఎనిమిదోది ఇరికించమంటే ఇరికిస్తాడు గానీ రెండో చరణం మధ్యలో టక్కున ఆగిపోతుంది. చిట్టాలో రాసిన పాట అతని దగ్గర లేకపోతే తనకి నచ్చిన పాట ఒకటి వేసేవాడు, దాని మీద చిన్న తగువు. కొన్నాళ్ళకి టేపు బయటికొస్తే పెన్సిలు దూర్చి చుట్టుకోవడం.

ఆ క్యాసెట్టు వందలసార్లు విన్నవాళ్ళని ఈరోజు అడగండి. అదే పాట ఎక్కడ విన్నా, అది అయిపోతుండగానే క్యాసెట్టులో దాని తర్వాత వచ్చే పాట మొదటి సంగీతం మనసులో మొదలైపోతుంది. ఆ రెండు పాటలకీ సంబంధం లేదు, సినిమాలు వేరు, సంగీత దర్శకులు వేరు, కలిపింది ఆ చిట్టా ఒక్కటే. టేపు నలిగి గొంతు వంకరపోయిన చోటు కూడా అంతే. ఫోన్లో శుభ్రమైన పాట వింటున్నా అక్కడికొచ్చేసరికి చెవి ఆ వంకర కోసం చూస్తుంది, అది రాకపోతే ఏదో తక్కువైనట్టుంటుంది.

దీన్నిబట్టి తెలిసేదేమిటంటే మెదడు దాచుకున్నది పాటని కాదు, ఆ పాట విన్న తీరుని. కాబట్టి కంపెనీలు ఎంత కష్టపడి శబ్దం శుద్ధి చేసి రీమాస్టర్ చేసినా, కొందరు పెద్దవాళ్ళకి ఆ పాత గరగరే కావాలనిపించడం మొండితనం కాదు.

అరిగిన పాట, మరిచిన పాట

చాలామంది గమనించే ఒక విచిత్రం ఉంది. జనం అందరూ గొప్ప పాటగా ఒప్పుకున్నవి, ప్రతి పాటల పోటీలో పాడేవి, ప్రతి కచేరీలో వినిపించేవి, వింటే హాయిగా ఉంటాయి గానీ కళ్ళు చెమర్చవు. ఎవరూ పట్టించుకోని ఏదో సినిమాలో పాట, పేరు కూడా సరిగ్గా గుర్తులేనిది, బస్సులో డ్రైవరు పెడితే ఒక్కసారిగా గొంతు పట్టేస్తుంది.

ఇందులో మాయేం లేదు. జ్ఞాపకాల మీద పనిచేసేవాళ్ళు 1970ల నుంచే చెబుతున్న సూత్రం ఒకటుంది, ఒక గుర్తుకి ఎన్ని జ్ఞాపకాలు తగిలిస్తే, అది ఒక్కో జ్ఞాపకాన్ని పైకి లాగే శక్తి అంత తగ్గుతుంది. ఒకే మేకుకి పది చొక్కాలు తగిలిస్తే అడుగున ఉన్నది చేతికి రానట్టు. 1968లో మొదటిసారి విన్న పాటని తర్వాత యాభై ఏళ్ళపాటు రేడియోలో, చిత్రలహరిలో, కూతురి పెళ్ళి వీడియోలో, పాడుతా తీయగాలో, ఇప్పుడు వాట్సాప్‌లో వింటూనే ఉంటే, ఆ పాటకి 1968 ఒక్కటే చిరునామా కాకుండా పోతుంది. అది జీవితమంతటికీ చెందిన పాట అవుతుంది. అదీ మంచిదే, తోడులాంటిది. కానీ ఒక సాయంత్రానికి తీసుకెళ్ళి దింపే పని మాత్రం చెయ్యలేదు.

మరిచిపోయిన పాటకి తగిలించి ఉన్నది ఒకే చొక్కా. 1971 వేసవిలో మేనత్త ఊళ్ళో విన్నది, మళ్ళీ వినలేదు. యాభై ఏళ్ళ తర్వాత విన్నప్పుడు మధ్యలో అడ్డమేమీ లేదు, నేరుగా ఆ పెంకుటింటి వసారాలోకి దింపుతుంది.

ఇష్టమైన పాత పాటని రోజూ పొద్దున్నే పెట్టుకుంటే ఆరు నెలల్లో అది వాకింగ్ పాట అయిపోతుంది, పాత చిరునామా మీద కొత్తది అతుక్కుంటుంది. 2017 నుంచి రేడియో ఆకారంలో, వేల పాటలు ముందే నింపి అమ్మిన పెట్టెలు బాగా అమ్ముడుపోవడానికి ఆ పాత చిరునామాలు కారణం కావచ్చు, కొన్నాళ్ళకి కొన్ని ఇళ్ళలో అవి మూలపడటానికి వాటి మీద కొత్తవి అతుక్కోవడం కారణం కావచ్చు. మొదటి నెల ప్రతి పాటా ఒక తలుపు తీస్తుంది. ఏడాదికి అది మామూలు సంగీతం.

"అప్పటి పాటలే పాటలు" అనే మాట ఎంతవరకు నిజం?

ఇంట్లో పండక్కి అందరూ చేరినప్పుడు తప్పకుండా లేచే వాదన ఇది. రెండు వైపులా కొంత న్యాయం ఉంది, కానీ ఎవరూ అసలు కారణాలు చెప్పరు.

మొదటిది జల్లెడ. 1950లు, 60ల్లో వచ్చిన పాటల్లో నేటికీ వినిపించేవి కొన్ని వందలు. మిగిలినవాటిలో చప్పటివి, హిందీ బాణీల్ని ఉన్నదున్నట్టు దించినవి, రెండు వారాలకే జనం మరిచినవి బోలెడు. అవన్నీ కాలం జల్లెడలోంచి రాలిపోయాయి. ఈ ఏడాది పాటలు మాత్రం ఇంకా జల్లెడలో పడలేదు, మంచీ చెడూ అన్నీ ఒకేసారి చెవిన పడుతున్నాయి. ఏరిన బియ్యాన్ని వడ్లతో పోల్చినట్టుంటుంది.

రెండోది నిజమైన తేడా, రికార్డింగ్ పద్ధతి. మద్రాసు స్టూడియోల్లో చాలా కాలం గాయకులు, వాద్యబృందం ఒకేసారి కూర్చుని పాడి వాయించేవాళ్ళు. తప్పు జరిగితే మళ్ళీ మొదట్నుంచి. ట్రాకులు తక్కువ కాబట్టి గొంతు ముందుండి, వాద్యాలు వెనకాల, ఒకదాని తర్వాత ఒకటి పలుకుతాయి. ఇప్పటి పాటలో పదుల ట్రాకులు ఒకేసారి మోగుతుంటాయి, శబ్దం హెచ్చుతగ్గులు నొక్కేసి అంతా ఒకే ఎత్తులో ఉంచుతారు, లేకపోతే మెల్లని చోట్లు ఫోన్ స్పీకర్లో సరిగ్గా వినిపించవు.

మూడోది చెవి. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అరవై దాటాక వినికిడి తగ్గడం పై స్థాయి శబ్దాల నుంచి మొదలవుతుంది. స, ష, త లాంటి హల్లులు ఆ ప్రాంతంలోనే ఉంటాయి, అందుకే పెద్దవాళ్ళు "వినపడుతోంది గానీ మాట తెలియట్లేదు" అంటుంటారు. పైగా గోలలోంచి ఒక గొంతుని విడదీసి వినడం వయసుతో కష్టమవుతుంది. అలాంటి చెవికి, గొంతు ముందుకుండి, అక్షరం అక్షరం విడిగా పలికిన పాట తేలిగ్గా అందుతుంది, దట్టంగా అల్లిన కొత్త పాట ముద్దగా వినిపిస్తుంది. "ఇప్పటి పాటల్లో సాహిత్యమే లేదు" అన్న ఫిర్యాదులో కొంత భాగం సాహిత్యం గురించే అయినా, కొంత భాగం ఆడియాలజీ, అంటే వినికిడి శాస్త్రం గురించి. మాటల్ని దృష్టిలో పెట్టుకుని అమర్చిన వినికిడి యంత్రాల్లో సంగీతం ఒక్కోసారి వంకరగా వినిపించే మాట కూడా నిజమే. చాలా యంత్రాల్లో సంగీతానికి విడిగా ఒక ప్రోగ్రామ్ పెట్టించుకోవచ్చు, అడిగితేనే పెడతారు.

నాలుగోది ముందే చెప్పిన మిట్ట. దాన్ని దాటి న్యాయంగా తీర్పు చెప్పగల వయసు ఎవరికీ లేదు.

ఒకప్పుడు ఇది జబ్బు

నాస్టాల్జియా అనే మాట పుట్టింది వైద్యంలో. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో, ఇంటికి దూరంగా ఉండి చిక్కిపోతున్నవాళ్ళ జబ్బుకి గ్రీకు మాటలు రెండు కలిపి, ఇల్లు చేరాలన్న బాధ అనే అర్థంలో ఈ పేరు పెట్టాడు. పరదేశాల సైన్యాల్లో కూలికి పనిచేసే స్విస్ సిపాయిల్లో అది ఎక్కువని తర్వాత ప్రచారమైంది. ఇక్కడ పాట ప్రవేశిస్తుంది. కొండల్లో పశువుల్ని పిలిచేటప్పుడు పాడుకునే బాణీ వినిపిస్తే ఆ సిపాయిలు ఏడ్చేవారని, పారిపోయేవారని, అందుకే దాన్ని వాయిస్తే మరణశిక్ష అని కట్టడి చేశారని తత్వవేత్త రూసో తన 1768 నాటి సంగీత నిఘంటువులో రాశాడు. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, ఆ బాణీలో ప్రత్యేకంగా ఏమీ లేదు, విదేశీయులకి అది ఏమీ చెయ్యదు, పనిచేసేది అలవాటు, జ్ఞాపకాలే అని. రెండున్నర శతాబ్దాల కిందటి ఆ మాటని ఇప్పటి స్కానింగులు పెద్దగా మార్చలేదు.

ఇప్పుడు దీన్ని జబ్బుగా చూడటం లేదు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీలో రెండు దశాబ్దాలుగా సాగుతున్న పరిశోధనల్లో తేలిందేమిటంటే, పాత రోజుల తలపోత తీపీ చేదూ కలిసిన భావమే గానీ మొత్తం మీద తీపి పాలే ఎక్కువ. ఒంటరితనం అనిపించినప్పుడు మనసు దాన్ని మందులా వాడుకుంటుంది. గతాన్ని తలుచుకున్నాక తనవాళ్ళతో అనుబంధం బలంగా ఉన్నట్టు అనిపిస్తుంది. అదే సమయంలో, తీరని దుఃఖంలో ఉన్నవాళ్ళకి, రోజంతా అదే పనిగా గతంలోనే ఉండిపోయేవాళ్ళకి ఇది ఊరట కాకుండా ఊబి కావచ్చు. భర్త పోయిన ఏడాదిలో ఆయనకిష్టమైన పాట ఇంట్లో వేస్తే ఓదార్పా, పుండు రేపడమా అన్నది ఆ మనిషిని బట్టే.

స్విస్ సిపాయిల సంగతి మనకి దూరమేమీ కాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కి వెళ్ళి లేబర్ క్యాంపుల్లో ఉన్నవాళ్ళ ఫోన్లలో జానపదాలూ బతుకమ్మ పాటలూ ఎందుకుంటాయో, ఊళ్ళో ఉన్నప్పుడు వాటిని పెద్దగా పట్టించుకోనివాళ్ళు కూడా అక్కడ ఎందుకు వింటారో రూసో చెప్పినదాంట్లోనే ఉంది. అమెరికాలో స్థిరపడినవాళ్ళకి ఇంకో వంపుంది. వాళ్ళు ఏ సంవత్సరం విమానం ఎక్కారో పాటలు అక్కడే ఆగిపోతాయి. 1995లో వెళ్ళినవాళ్ళింట్లో తెలుగు పాటల లెక్క చాలాసార్లు 1995 దగ్గరే నిలబడి ఉంటుంది.

సినిమా పాట ఒక్కటే పాత పాట కాదు

ఈ విషయం మీద రాసేవన్నీ సినిమా పాటల చుట్టూనే తిరుగుతాయి. అది రేడియో, సినిమా అందుబాటులో ఉన్న ఇళ్ళ చూపు. ఎనభై దాటిన పల్లెటూరి ఆడవాళ్ళలో చాలామంది పదిహేనేళ్ళ వయసులో విన్నవీ పాడినవీ నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు, అప్పగింతల పాటలు, తెలంగాణలో బతుకమ్మ పాటలు. మగవాళ్ళకి బుర్రకథ, హరికథ, భజన, అన్నిటికంటే ముఖ్యంగా పౌరాణిక నాటకం.

నాటక పద్యం సంగతి కొంచెం చెప్పుకోవాలి. రాత్రి తొమ్మిదికి మొదలై తెల్లవారేదాకా సాగే హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను వచ్చేసరికి ఏ రెండో అవుతుంది. గోనె పట్టాల మీద పిల్లలు నిద్రపోతుంటారు, హార్మోనియం శ్రుతి ఎత్తుకోగానే ఎవరో పెద్దాయన లేపి కూర్చోబెడతాడు. కవి జాషువా రాసిన పద్యాన్ని నటుడు ఎత్తుకుని, చివరి పాదం రాగం సాగదీస్తే "వన్స్ మోర్" అని అరుపులు, నటుడు చచ్చిపడిన పాత్రయినా లేచి మళ్ళీ పాడేవాడని చెప్పుకునే జోకులు. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా ఆ పద్యాలు యతిప్రాసలతో సహా తప్పు లేకుండా అప్పజెబుతారు. వాళ్ళకి ఘంటసాల పాట బాగుంటుంది, కానీ లోపల్నుంచి లేపేది హార్మోనియం మీద ఆ పద్యం.

మతిమరుపు వచ్చినవాళ్ళ దగ్గర

ఈ సంగతి కేవలం కబుర్లు కాకుండా పనికొచ్చే చోటు ఇదే. అల్జీమర్స్ ఉన్నవాళ్ళు కొడుకు పేరు మరిచినా చిన్నప్పటి పాట చరణం మొత్తం పాడటం చాలా కుటుంబాలు చూసే ఉంటాయి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ప్లాంక్ పరిశోధకులు 2015లో ప్రచురించినదాని ప్రకారం, ఎప్పటినుంచో తెలిసిన పాటల్ని గుర్తుపట్టే మెదడు భాగాలు ఈ జబ్బులో మిగతా భాగాలతో పోలిస్తే తక్కువగా దెబ్బతింటాయి. పాట ఒక్క చోట కాకుండా లయ, మాట, నోటి కదలిక, భావం అంటూ చాలా చోట్ల పరుచుకుని ఉండటం కూడా సాయపడుతుంది.

అలాగని పాటతో జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందని చెప్పే వీడియోలని నమ్మకూడదు. ఇప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన సమీక్షల్లో, సంగీతంతో దిగులు లక్షణాలు కొంత తగ్గుతున్నాయని కనిపించింది, జ్ఞాపకశక్తి, తెలివి మీద మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. కాసేపు మనిషి తేటపడటం, స్నానానికో భోజనానికో పేచీ లేకుండా రావడం, అంతవరకే ఆశించాలి. అదీ చూసుకునేవాళ్ళకి తక్కువ సంగతేం కాదు.

పాట ఎంచుకోవడంలో ఇళ్ళలో జరిగే పొరపాటు ఒకటి. కొడుకులు, కోడళ్ళు తమకి తెలిసిన "గోల్డెన్ హిట్స్" పెడతారు. లెక్క వెయ్యాల్సింది పుట్టిన సంవత్సరం నుంచి. 1942లో పుట్టిన ఆవిడకి 1952 నుంచి 1967 మధ్యవి చూడాలి, అదీ ఆవిడ ఏ ఊళ్ళో పెరిగింది, ఇంట్లో రేడియో ఉందా, గుళ్ళో భజనలకి వెళ్ళేదా అన్నది కనుక్కుని. అక్కచెల్లెళ్ళు బతికి ఉంటే వాళ్ళని అడగడం అన్నిటికంటే మేలు. శబ్దం మరీ పెంచకుండా, టీవీ కట్టేసి, ఒకేసారి ఇరవై నిమిషాలు దాటకుండా. ముఖం ముడుచుకుంటే ఆపెయ్యాలి, అది ఏ జ్ఞాపకాన్ని లేపిందో బయటివాళ్ళకి తెలియదు.

ఇప్పటి పిల్లలకి ఏమవుతుంది?

2013లో కార్నెల్ యూనివర్సిటీలో కరోల్ క్రుమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ ఒక వింత చూశారు. ఇరవై ఏళ్ళ విద్యార్థులకి 1955 నుంచి 2009 దాకా వచ్చిన హిట్ పాటలు వినిపిస్తే, తమ కాలం పాటలతో పాటు, తమ అమ్మానాన్నలు కుర్రవయసులో ఉన్నప్పటి పాటల దగ్గర కూడా ఇష్టం, జ్ఞాపకాలు మిట్టలా లేచాయి. ఇంకా వెనక్కి, 1960ల పాటల దగ్గర కూడా మరో చిన్న మిట్ట కనిపించింది, బహుశా తాతయ్యల నుంచి వచ్చింది. అంటే ఇంట్లో గట్టిగా మోగిన పాట ఒక తరంతో ఆగదు, వంటింట్లో అమ్మ కూనిరాగం తీసిన పాట పిల్లల ఖాతాలోనూ జమవుతుంది. తెలుగు పాటల పోటీల్లో పదేళ్ళ పిల్లలు 1960ల పాటలు అంత భావంతో ఎలా పాడతారన్న ఆశ్చర్యానికి శిక్షణ ఒక జవాబైతే, ఇది ఇంకోటి.

కానీ ఇది జరగాలంటే పాట ఇంట్లో అందరికీ వినపడాలి. ఇప్పుడు ఎవరి ఇయర్‌ఫోన్ వాళ్ళ చెవిలో. నాన్న ఏం వింటున్నాడో కూతురికి తెలియదు. వినడానికి లక్షల పాటలున్నాయి, కాచుకుని కూర్చోవాల్సిన పని లేదు, నచ్చకపోతే పది సెకన్లలో తర్వాతిది. సందర్భంతో కలిసి నాటుకునే అవకాశం దీంతో తగ్గుతుందా అంటే, పూర్తిగా తగ్గకపోవచ్చు, పద్దెనిమిదేళ్ళ వయసు తన పని తాను చేసుకుపోతుంది. రూపం మారుతుంది. వాళ్ళకి నాటుకునేది రెండు చరణాల పాట కాకపోవచ్చు, రీల్స్‌లో వందసార్లు తిరిగిన పదిహేను సెకన్ల ముక్క కావచ్చు. అదీ పల్లవి కూడా కాదు, రెండో చరణం చివర్లో వచ్చే డప్పు. ఇప్పుడు ఇరవై ఏళ్ళున్నవాళ్ళకి అరవై వచ్చేసరికి ఏ బస్సులోనో ఆ ముక్క మోగితే, ముందు వెనకలు తెలియకుండా ఆ పదిహేను సెకన్లే పాడుకుంటారు, పక్క సీట్లో అదే వయసువాడికి అది ఎప్పుడూ విన్న గుర్తు కూడా ఉండకపోవచ్చు, ఎందుకంటే అతని ఫోన్ అతనికి వేరే ముక్క వినిపించింది.